ఉన్ని లేని మట్టి

కంబరాలి భార్య ఇనోబత్ గేటు తోసుకుని లోపలికి వచ్చేసరికి మస్తూరా పిక్కలదాకా మట్టిలో ఉంది. నిన్నటి నుంచి నానుతున్న ఎర్రమట్టిని గుంటలో మడమలతో తొక్కుతోంది. జారిపడకుండా కుడిచేత్తో ఖుబానీ కొమ్మకు కట్టిన తాడు పట్టుకుంది. ఎడమచెయ్యి ఎప్పటిలాగే పొట్టకు ఆనించుకుని ఉంది. మణికట్టు దగ్గర పక్కకు తిరిగిపోయి, వేళ్లు లోపలికి ముడుచుకుపోయిన చెయ్యి.

"అలుపు రాకూడదక్కా" అని పలకరించింది ఇనోబత్.

"రాదులే" అంది మస్తూరా. తొక్కడం ఆపలేదు.

ఇనోబత్ ఈ గేటు దాటి ఆరేళ్లయింది. ఖుబానీ చెట్టును చూసింది. నీడలో ఆరుతున్న రెండు తందూర్లను చూసింది. కోళ్లను చూసింది. ఉత్తరం వైపు గోడను మాత్రం చూడలేదు. ఆ చేతినీ చూడలేదు.

"ఈయనకి హజ్ పిలుపొచ్చింది. తొమ్మిదేళ్ల నుంచీ జాబితాలో ఉన్నాడు పాపం."

"విన్నాను."

"బయల్దేరే ముందు ఊరందరికీ పలావు పెడుతున్నాం. ఇవాళ్టికి పన్నెండో రోజు. చూడబోతే మా తందూరు అడుగు ఊడి కూర్చుంది. పాతికో ముప్పయ్యో అయితే పక్కింట్లో కాల్చుకుంటాం. మూడొందల రొట్టె ఎవరింట్లో కాలుస్తాం చెప్పు?"

"ఆ రెండూ పై ఊరివాళ్లవి."

"అవి అడగట్లేదక్కా. కొత్తది చేసిపెడతావనే వచ్చా. నీ చేతి పని ఇంకెవరికొస్తుంది?" అన్నాక ఇనోబత్‌కు తనేమన్నదో వినపడినట్టుంది. తలగుడ్డ కొస నోటికి అడ్డం పెట్టుకుంది.

మస్తూరా తాడు బిగించి పట్టుకుంది. "కంబరాలి రాలేదేం? హజ్‌కి పోయేవాడు గడపగడపా తొక్కి రాజీ అడగాలిగా. మా గడప ఎత్తుగా ఉందా?"

ఆ ఊళ్లో హజ్‌కు పోయే మనిషైనా, పోయే ప్రాణమైనా అందరినీ అడిగేది ఒకటే మాట: నాతో రాజీయేనా? నీ మీద నాకేమీ లేదు, వెళ్లిరా అనేవాళ్లు 'రాజీ' అంటారు. కష్టం వచ్చినప్పుడు దేవుడితో అనే మాట కూడా అదే. నువ్విచ్చిన దానికి రాజీ. ఒక్కరు కాదన్నా వెళ్లేవాడి కాలు బరువెక్కుతుందంటారు. ఆ ఒక్కరు కావడానికే మస్తూరా ఆరేళ్లుగా కాచుకుని ఉంది.

"అన్ని గడపలు ఎక్కడ తిరుగుతాడక్కా, ఆ మోకాళ్ల నొప్పులతో! విందు రోజు ఇమాముగారే అందరి ముందూ ఒకేసారి అడుగుతారట. అందరూ కలిపి రాజీ అనేస్తే సరిపోతుందట."

మస్తూరా మడమలు ఆగాయి. మట్టిలోంచి గాలిబుడగ ఒకటి పైకి వచ్చి పగిలింది.

ఊరు ఊరంతా ఒక్కసారిగా రాజీ అంటే, అందులో ఒక నోరు మూసుకుని ఉన్నా ఎవరికి తెలుస్తుంది?

ఆమె ఉత్తరపు గోడ వైపు చూసింది. పాత మట్టిగోడ మధ్యలో బండి పట్టేంత మేర కొత్తమట్టి రంగు తేడాగా కనిపిస్తుంది. ఆరేళ్ల కింద, వాన పడుతున్న మధ్యాహ్నం, ఆ గోడ అవతల కంబరాలి ట్రాక్టరు వెనక్కి నడిపాడు. ట్రాలీ గోడకు తగిలిన చప్పుడు మస్తూరా విన్నది. చప్పుడు వెనకే గోడ వచ్చి ఆమె ఎడమచేతి మీద పడింది. ఊరి పెద్దల ముందు కంబరాలి గుండె మీద చెయ్యి పెట్టుకుని చెప్పాడు: "వానకు నానిన గోడ. నా ట్రాక్టరు పది గజాల అవతల ఉంది. దేవుడి రాత, ఏం చేస్తాం?" నేనూ చూశానంది ఇనోబత్. అయిదుగురు సంతకాలు పెట్టారు. ఆ రోజు నుంచి మస్తూరా దేవుడి రాత అన్న మాట నోట్లోకి రానివ్వలేదు. అది అతను ఎంగిలి చేసిన మాట.

"చేస్తాను" అంది. "హజ్ రొట్టె కాల్చే తందూరు. దానికి నేనేమీ పుచ్చుకోను."

ఇనోబత్ కళ్లు తడిశాయి. మట్టి అంటుకుంటుందని కూడా చూడకుండా మస్తూరా కుడిచెయ్యి పట్టుకుంది. "దేవుడు నీకు మేలు చెయ్యాలక్కా."

"చేస్తాడు."

*

ఉన్ని తందూరుకు నరం. గొర్రె ఉన్నిని వేలి పొడవున కత్తిరించి, పీచుపీచుగా విప్పి, మట్టి మీద చల్లుతూ తొక్కాలి. మంటకు మట్టి సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. సాగినప్పుడూ ముడుచుకున్నప్పుడూ విడిపోకుండా పట్టి ఉంచేది ఉన్ని. మస్తూరా తల్లి ఆ పని చేసింది, తల్లి తల్లి చేసింది.

ఈసారి మస్తూరా ఉన్ని గోనె విప్పలేదు.

మట్టిని చేతి లావున తాళ్లలా పేని వరస మీద వరస పేర్చింది. లోపల గుండ్రాయి ఆనించి, బయటి నుంచి చెక్కతో కొట్టాలి. ఒకప్పుడు రాయి ఎడమచేతిలో ఉండేది. ఇప్పుడు పాత తువ్వాలు పేలికతో రాయిని ముడుచుకున్న వేళ్లకు కట్టుకుంటుంది. పళ్లతో ముడి బిగిస్తుంది. ఆ కట్టు నేర్చుకోవడానికి మొదటి ఏడాదంతా పట్టింది.

కొడుతూ అనుకుంది. మొదట సన్నమంట వేసి కాలుస్తారు, దానికి నిలుస్తుంది. విందు రోజు పెద్దమంట, వాయి మీద వాయి. మూడు వాయిలు ఓర్చుకుంటుంది. నాలుగోదానికి పొట్ట విచ్చుకుంటుంది. ఊరి ఆడవాళ్లంతా చూస్తుండగా ఇనోబత్ వేసిన రొట్టెలు బూడిదలో పడతాయి. హజ్‌కు పోయేవాడి రొట్టె బూడిదపాలైందని వాడు చచ్చేదాకా ఊరు చెప్పుకుంటుంది. కంబరాలి పరుగెత్తుకొస్తాడు. అప్పుడు తను గుండె మీద చెయ్యి పెట్టుకుని వాడి మాట వాడికే పెడుతుంది. దేవుడి రాత, కంబరాలీ, ఏం చేస్తాం?

ఆ మాటను ఎంత నెమ్మదిగా అనాలో, ఎక్కడ ఆపాలో కూడా చూసుకుంది. చెక్క దెబ్బ పడ్డప్పుడల్లా ఒకసారి అనుకుంది. ఏళ్ల తర్వాత ఆకలి వేసింది. మధ్యాహ్నం రెండు రొట్టెలు, ఒక ఉల్లిపాయ, సగం పుచ్చకాయ తిన్నది.

మూడో రోజు కంబరాలి కోడలు ముహయ్యా పెరుగుగిన్నె తెచ్చింది. కొండ మీది ఊరి పిల్ల. పెళ్లయి ఏడాది కాలేదు. కూర్చోమనకుండానే చాప మీద కూలబడింది.

"మా అత్త ఇచ్చి వెంటనే రమ్మంది. నేను వెంటనే పోను. ఆ ఇంట్లో గుక్క తిప్పుకోనివ్వట్లేదు పెద్దమ్మా. మావయ్య పొద్దుటి నుంచీ హజ్‌లో కట్టుకునే ఆ తెల్లబట్ట చుట్టుకుని అద్దం ముందు తిరుగుతున్నాడు. వెనక నుంచి చూస్తే నీళ్లు పోసి నిలబెట్టిన పిల్లాడే."

మస్తూరాకు నవ్వొచ్చింది. రాయి కట్టు సర్దుకుంటున్నట్టు తల వంచుకుంది.

ముహయ్యా లేచి తందూరు చుట్టూ తిరిగింది. పై వరసలోంచి చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపింది. "ఇందులో ఉన్ని లేదేంటి? మా అమ్మమ్మ చేసేవాటిలో పీచు చేతికి తగిలేది."

చెక్క గాల్లో ఆగింది.

"మీది ఇసుకమట్టి. దానికి కావాలి. ఇది జిగురుమట్టి. మూతి దగ్గర వేస్తే చాలు."

"ఓహో" అంది ముహయ్యా. వేళ్లు గోడకు రాసుకుని మళ్లీ కూర్చుంది. ఆ పిల్ల అంత తేలిగ్గా నమ్మడం మస్తూరాకు నచ్చలేదు.

"ఆ రోజు రొట్టెలెవరు వేస్తారు?"

"ఇంకెవరు, మా అత్తే. ఆ పుణ్యం నాదే, ఇంకెవరూ చెయ్యి పెట్టొద్దంది. కట్టెలు అందివ్వడం వరకే మన పుణ్యం."

"మంచిది" అంది మస్తూరా. చెక్క మళ్లీ పడింది.

ఆ సాయంత్రం పక్కింటి ఆతిన్ మామ్మ నమాజుకు వచ్చింది. ఊళ్లో ఆడపిల్లలకు ఖురాను చదివించే ముసలామె. ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన చాపలు పరిచారు. నుదురు నేలకు ఆనించినప్పుడు అరచేతులు రెండూ నేలను తాకాలి. మస్తూరా నుదురు ఆనింది. కుడిచెయ్యి ఆనింది. ఎడమచెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఆరేళ్లుగా అంతే. పెట్టలేక కాదు, పెట్టదు. దేవుడు వంగిన నడుమునొక్కదాన్నే చూసి ఊరుకోకూడదు, దీన్ని కూడా చూడాలి. కంబరాలి మీద ఆమె రోజుకు అయిదుసార్లు పెట్టే ఫిర్యాదు అది.

సలాము చెప్పి ముగించాక ఆతిన్ మామ్మ చాప మడుస్తూ అంది: "వంకర చెయ్యయితే వంకరగానే పెట్టవే. ఇస్త్రీ చేసిన చేతులే తెమ్మన్నాడా దేవుడు?"

"నొప్పి మామ్మా."

"చాప మీద కూర్చుని అబద్ధమాడకు. దిగాక ఆడు."

మస్తూరా చాప దిగింది. మర్నాడు తందూరు మూతి పెట్టింది. ఆ ఒక్క వరసలో ఉన్ని వేసింది, పీచులు పైకి కనిపించేలా. అయిదు రోజులు నీడలో ఆరాల్సినదాన్ని మూడో రోజుకే ఎండలోకి దొర్లించింది.

*

విందు రోజు కంబరాలి ఇంటి ముందు వాకిట్లో మగవాళ్లు, పెద్ద కళాయిలో పలావు. వెనక వాకిట్లో ద్రాక్షపందిరి కింద ఆడవాళ్లు, తందూరు. మస్తూరాను పిలిచి మంచి పరుపు వేసి తందూరుకు దగ్గరగా కూర్చోబెట్టారు.

"చూడండమ్మా, ఎంత నున్నగా ఉందో" అంది ఇనోబత్ అందరితో. "పైగా ఊరికే ఇచ్చింది. పాతవేవీ మనసులో పెట్టుకోలేదు మా అక్క."

పత్తికట్టె మంట మూతి దాటి లేచింది. లోపలి గోడలు నల్లబడ్డాయి, తర్వాత తెల్లబడ్డాయి. ఇనోబత్ ఉప్పునీళ్లు చిలకరించింది. గుండ్రటి మెత్త మీద రొట్టె పరిచి, భుజం దాకా లోపలికి వంగి, గోడకు చరిచింది. మొదటి వాయి పొంగి ఎర్రగా వచ్చింది. ఆడవాళ్లు బిస్మిల్లా అని తుంచి తలా ముక్క నోట్లో వేసుకున్నారు. మస్తూరాకూ ఇచ్చారు. నమిలింది. రెండో వాయి తీశారు. మళ్లీ కట్టె వేశారు.

మూడో వాయి తీస్తుండగా ఎక్కడో చిటుక్కుమంది. పదిమంది మాటల్లో ఆ చప్పుడు ఒక్క మస్తూరా చెవికే చేరింది. ఆమె నడుము నిటారు చేసుకుని కూర్చుంది.

"ఇనోబత్! జిల్లా నుంచి పెద్దలొచ్చారు, నిన్నడుగుతున్నారు!" అని ముందువాకిట్లోంచి ఎవరో కేకేశారు.

ఇనోబత్ చెమట తుడుచుకుని మెత్త తీసి ముహయ్యా చేతిలో పెట్టింది. "చూస్తూ నిలబడతావేం? నేనొచ్చేదాకా నువ్వు వెయ్యి."

"పుణ్యంలో వాటా ఇస్తున్నావా అత్తా?" అంది ముహయ్యా చేతులు పైకి మడుచుకుంటూ. ఆడవాళ్లు నవ్వారు. "నా రొట్టె ఊడి పడితే మావయ్యని విమానంలోంచి దింపెయ్యరుగా?"

మస్తూరా నోరు తెరిచింది. మాట గొంతు దాకా వచ్చింది. ఆగు పిల్లా అంటే చాలు. ఎందుకని అడుగుతారు. చెప్పాలి. మాట రాక కాదు, ఆమె రానివ్వలేదు.

ముహయ్యా ఒక రొట్టె వేసింది. రెండోది వేసింది. అయిదోది వెయ్యడానికి లోపలికి బాగా వంగింది.

తందూరు పొట్ట విచ్చుకుంది. పళ్లెమంత పెచ్చు, దాని మీది రొట్టెలతో సహా, లోపలికి విరిగి ఆ పిల్ల చేతి మీద పడింది. ఒక పెచ్చు బయటికి పడి మంట దారి చేసుకుంది. ముహయ్యా కేక వెయ్యలేదు. పెద్దగా గాలి పీల్చినట్టు ఒక చప్పుడు చేసింది. నలుగురు పట్టి లాగారు. మణికట్టు నుంచి మోచేతి దాకా చర్మం రంగు మారిపోయింది. ఎవరో బిందెడు నీళ్లు కుమ్మరించారు. ఎవరో నర్సు కోసం పరిగెత్తారు. రొట్టెలు బూడిదలో మాడుతున్నాయి. వాటిని ఎవరూ చూడలేదు.

మగవాళ్లు వచ్చేశారు. కొత్త తెల్లటోపీతో కంబరాలి ముందున్నాడు. కోడలిని చూశాడు. తందూరును చూశాడు. బయటపడ్డ పెచ్చు కొంచెం చల్లారాక ఒక ముక్క తీసి విరిచాడు. విరిగినచోట బొటనవేలు రాశాడు. పుట్టినప్పటి నుంచి మట్టిలో ఉన్నవాడు. తలెత్తి మస్తూరా వైపు చూశాడు.

ఇప్పుడు ఆమె ఆ మాట అనాలి. పన్నెండు రోజులుగా నోట్లో నానుతున్న మాట. ఆమె ముహయ్యా చేతినే చూస్తోంది.

కంబరాలి గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఎవరి తప్పూ లేదు" అన్నాడు అందరికీ వినపడేలా. "కొత్త తందూరు, పెద్దమంట. దేవుడి రాత, ఏం చేస్తాం?"

"అంతే, అంతే" అన్నారు జనం. "రాసిపెట్టి ఉంది."

కంబరాలి మట్టిముక్కను జేబులో వేసుకున్నాడు.

*

పత్తికట్టె మోపుల వెనకాల మస్తూరా ఒంటరిగా నిలబడి ఉంటే అతను వచ్చాడు. నలభై ఏళ్లుగా ఎరిగిన మనిషి. దగ్గర్నుంచి చూస్తే గడ్డం బాగా నెరిసింది.

"మస్తూరక్కా, ఈ ముక్కలో ఒక్క పీచు లేదు."

ఆమె అతని జేబు వైపు చూసింది.

"నేనెవరికీ చెప్పను. ఇది నా జేబు దాటదు. ఇమాముగారు లేస్తున్నారు. ఆయన అడిగినప్పుడు నువ్వు మనసులో కూడా రాజీ అను. ఒకటికొకటి సరి."

"దేనికేది సరి?"

అతను టోపీ సర్దుకున్నాడు.

"నా చేతికి ఆ పిల్ల చెయ్యి సరా? అంటే నా చేతికి బాకీ ఉందన్నమాట. ట్రాక్టరు పది గజాల అవతల లేదన్నమాట."

"మెల్లగా అక్కా" అన్నాడు కంబరాలి అటూ ఇటూ చూస్తూ. "నీకు తెలిసిందేగా."

ఆరేళ్లుగా ఆమె వినాలనుకున్నది అదే. విన్నది. కట్టెమోపుల చాటున, బేరంలో. ఇన్నాళ్లూ ఆ మాట వింటే ఎలా ఉంటుందో అనుకునేది. ఏమీ లేదు. పక్క వాకిట్లో ఆ పిల్ల పళ్ల బిగువున మూలుగుతోంది. తను చేసిన పనిని ఊరంతా దేవుడి మీద కప్పి, పలావుకు లేస్తోంది.

ఆమె అతన్ని దాటుకుని నడిచింది. ఇమాము పందిరి గుమ్మం దగ్గర నిలబడి గాయం గురించి నర్సును అడుగుతున్నాడు. వెనక మగవాళ్లు గుమిగూడి ఉన్నారు.

"ఇమాముగారూ, ఒక్క మాట."

"చెప్పమ్మా."

"ఇది దేవుడి రాత కాదు. నా చేత. ఈ మట్టిలో నేను ఉన్ని వెయ్యలేదు. మర్చిపోయి కాదు. ఇవాళ పగలాలనే వెయ్యలేదు. పిల్ల వంగుతుంటే చూసి కూడా ఆగమనలేదు." పగిలిన తందూరు వైపు చెయ్యి చూపించింది. "దీన్ని తీసుకుపోయి దేవుడి మీద వెయ్యకండి. ఆయన మీద ఇదివరకే ఒక గోడ వేశారు."

కళాయిలో గరిటె చప్పుడు ఆగింది. కొందరు కంబరాలి వైపు చూశారు. అతను జేబులో చెయ్యి పెట్టుకుని చెప్పులు చూసుకుంటున్నాడు.

"నీ చెయ్యి పడిపో..." అంటూ దూకింది ఇనోబత్. ఆమె చూపు ఆ చేతి మీద పడింది. తిట్టు సగంలో ఆగిపోయింది.

మస్తూరా వెళ్లి ముహయ్యా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ఏ మాటనైతే ఎవరికీ ఇవ్వకుండా దాచుకుందో ఆ మాటనే ఇరవై ఏళ్ల పిల్లను అడిగింది.

"ముహయ్యా, నాతో రాజీయేనా?"

ఆ పిల్ల కళ్లు తెరిచింది. "నేనడిగాను. ఉన్ని లేదేంటని నేనడిగాను."

"అడిగావు."

"నువ్వు చెప్పింది నమ్మాను."

"నమ్మావు."

"చెయ్యి మండుతోంది పెద్దమ్మా. ఇప్పుడు అడగకు."

ముఖం గోడవైపు తిప్పుకుంది.

ఆ రోజు ఇమాము ఎవరినీ ఏమీ అడగలేదు. జనం తిన్నవాళ్లు తిన్నారు, తిననివాళ్లు లేచిపోయారు. సగం కళాయి పలావు చల్లారిపోయింది.

*

పై ఊరివాళ్లు తమ రెండు తందూర్లూ వద్దని కబురు పెట్టారు. మస్తూరా సరేనంది. కంబరాలి ఇంటికి కొత్తది చెయ్యడానికి మట్టి నానబెట్టింది. చేయమని ఎవరూ అడగలేదు. ఉన్ని గోనెలో కొంచెమే మిగిలింది. తను పడుకునే పరుపు కుట్లు విప్పి అందులోని ఉన్ని తీసి కుప్ప పోసింది.

బస్సు వెళ్లే పొద్దున కంబరాలి వచ్చాడు. వీధిలో బస్సు హారను మోగిస్తోంది. గేటులోంచి రాలేదు. ఉత్తరపు గోడ అవతల, కొత్తమట్టి ఉన్నచోట నిలబడ్డాడు. గోడ మీదుగా అతని టోపీ, కళ్లు మాత్రం కనిపించాయి.

"వెళ్తున్నానక్కా."

"మంచిది."

గోడ మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు. "ఆ రోజు వాన..." అన్నాడు.

మస్తూరా తొక్కడం ఆపి ఎదురుచూసింది. బస్సు మళ్లీ హారను కొట్టింది. అతను ఆ మాట ముగించలేదు.

"నాతో రాజీయేనా?" అన్నాడు.

విందుకు ముందైతే ఆమెకు జవాబు సిద్ధంగా ఉండేది. దాన్ని వెతికింది. గోడవైపు మొగం తిప్పుకున్న పిల్ల కళ్లలో మెదిలింది.

"రాజీ" అంది.

కంబరాలి నమ్మలేనట్టు చూశాడు. "అంతేనా?"

"అంతే. వాన సంగతి ఆయనకే చెప్పుకో. ఎటూ వెళ్తున్నది ఆయన ఇంటికేగా."

అతని ముఖంలో తేలికేమీ కనిపించలేదు. ఇంకేదో ఇస్తుందని, లేదా తీసుకుంటుందని నిలబడినట్టు కొంచెంసేపు నిలబడ్డాడు. తర్వాత టోపీ గోడ వెంట కదిలి వెళ్లిపోయింది.

నాలుగు రోజుల తర్వాత ముహయ్యా వచ్చింది. కుడిచేతికి మోచేతి పైదాకా కట్టు. ఎడమచేత్తో గోనె ఈడ్చుకొచ్చింది. పరుపు ఉన్ని కుప్పను కాలితో కదిలించింది.

"ఇది ముసలి ఉన్ని. పొడి అయిపోతుంది. మా గొర్రెలది తెచ్చా. మా అత్తకి తెలీదు. తెలిసినా తెచ్చేదాన్ని."

కూర్చుని ఎడమచేత్తో ఉన్ని ఉండ విప్పబోయింది. ఉండ చేతితో పాటే లేచింది. మళ్లీ చూసింది. రాలేదు. మస్తూరా గుంటలోంచి బయటికి వచ్చింది.

"ఒక కొస కాలికింద తొక్కిపెట్టు. అలా కాదు, మడమతో. ఇప్పుడు లాగు. వేళ్లతో కాదు, మణికట్టుతో."

పీచు పొడవుగా వచ్చింది. ముహయ్యా ఇంకో ఉండ కాలికింద పెట్టుకుంది. విప్పిన పీచు పక్కన కుప్పగా పేరింది.

"మళ్లీ అడగవా నన్ను?" అంది ముహయ్యా.

"ఒకసారి అడిగా."

"మావయ్యకి రాజీ చెప్పావట."

"చెప్పా."

"గోడ సంగతి ఆయన ఒప్పుకున్నాడా?"

"సగమే."

"మరెందుకు చెప్పావు?"

మస్తూరా తాడు పట్టుకుని గుంటలోకి దిగింది. నాలుగడుగులు తొక్కింది. "ఆరేళ్లు ఆ కోపం పట్టుకునే ఉన్నా పిల్లా. అది పట్టుకున్న చేత్తోనే మీ తందూరు చేశా."

ముహయ్యా కట్టు మీది ఈగను ఊదింది. "నాకింకా కోపం పోలేదు."

"పోకుండా రాజీ అననక్కర్లేదు."

"చర్మం వచ్చేదాకా చూస్తా."

"చూడు."

సాయంకాలపు అసర్ నమాజుకు బాంగు వినిపించింది. మస్తూరా కాలువ దగ్గర కాళ్లు కడుక్కుంది. నీళ్లు ఎర్రగా పోయి, తేటగా పోయాయి. చేతులు, ముఖం కడుక్కుని తుడుచుకోకుండానే అరుగెక్కి చాప పరిచింది.

నుదురు నేలకు ఆనించింది. కుడిచెయ్యి చాప మీదికి వెళ్లింది. ఎడమచెయ్యి అలవాటుగా ఒళ్లోకి పోయింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత ఆమె దాన్ని బయటికి తీసి చాప మీద పెట్టింది. అది పరుచుకోలేదు. వేలిముడులు, మణికట్టు అంచు మాత్రం ఆనాయి. బరువు వేసింది. నొప్పి మోచేతి దాకా పాకింది. ఫిర్యాదు మాటలు నోట్లోకి రాలేదు. వచ్చిన ఒక్క మాటా తల్లి నేర్పిందే: నువ్విచ్చిన దానికి రాజీ.

లేచి కూర్చున్నప్పుడు చాప మీద రెండు తడిమచ్చలున్నాయి. ఒకటి అయిదు వేళ్లది, ఒకటి ముద్దది. ఎండకు రెండూ ఆరిపోతున్నాయి.

"పెద్దమ్మా" అని వాకిట్లోంచి కేకేసింది ముహయ్యా. "ఈ ఉన్ని చాలుతుందా?"

"చాలదు" అంది మస్తూరా. "ఇంకా వెయ్యి."